లెక్కకు రాని శ్రమ

విద్యార్థి దశలో ‘పెట్టుబడి’ గ్రంథం చంకన పెట్టుకు తిరిగినవాడు కాలిఫోర్నియా చేరి 300 గుర్రాల శక్తిగల కారు కొన్నాడని మిత్రులు ఎగతాళి చేసేవారు. నిజమే. అది 2004 నాటి సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ. సుబారు అంటే జపాను భాషలో మన కృత్తికలే. అది పుట్టింది గున్మా రాష్ట్రంలోని ఓటా పట్టణంలో. 1945కు ముందు అక్కడ నకజిమా కంపెనీ యుద్ధవిమానాలు చేసేది. 1990లో వలస చట్టం సవరించాక, పొరుగునున్న ఓయిజుమికి బ్రెజిల్ నుంచి జపాను సంతతి కార్మికులు వచ్చి చుట్టుపక్కల కర్మాగారాల్లో కుదిరారు. బానెట్టు ఎత్తినప్పుడల్లా వాళ్ళు గుర్తొచ్చేవారని రాస్తే అబద్ధమవుతుంది. నాకు టర్బో ఈల తప్ప మరేమీ వినబడేది కాదు.

ఆరేళ్ళపాటు దాన్ని మార్చాను. పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పొగగొట్టం. రెండేళ్ళకొకసారి పాత భాగాలు బిగించి పొగపరీక్షకు తీసుకెళ్ళి, ఇంటికి రాగానే మళ్ళీ విప్పేవాణ్ణి. ఆ చట్టాన్ని తిట్టుకునేవాణ్ణి కూడా. రహదారి పక్కన చవక ఇళ్ళలో వుంటూ ఆ పొగ పీల్చేవాళ్ళ వూసు నా తిట్లలో వుండేది కాదు.

అక్కడ పాత కారు అమ్మేవాడే పరీక్షపత్రం ఇవ్వాలి. కాబట్టి చేసినదంతా ఆఖరుసారి విప్పేశాను. రశీదులు కూడి చూస్తే, పెట్టిన ఖర్చు కారు ధరను మించింది. కొనవచ్చినవాళ్ళు మార్పుల సంగతి వినగానే ధర తగ్గించారు. సమాజానికి అవసరమైన శ్రమకాలమే విలువను నిర్ణయిస్తుందని మార్క్స్ 1867లో రాసిన మాట నేను ఎందరికో పాఠంగా చెప్పాను. నా ఆదివారాలు ఏ సమాజానికి అవసరం?

చివరికి వచ్చిన కుర్రవాడు రాత్రుళ్ళు గోదాములో పనిచేసి పగలు కాలేజీకి పోతాడు. “ఇంజను బాగుందా సార్?” అన్నాడు. మూడు సిలిండర్లలో ఒత్తిడి 140, నాల్గవదానిలో 105 అని చూపే కాగితం నా చొక్కా జేబులోనే వుంది. తప్పు తయారుచేసినవాళ్ళది కాదు, గాలి ఒత్తిడి హద్దు మించి పెంచిన నాది. దోపిడీ మీద ఉపన్యాసాలిచ్చిన నోరు అరనిముషం పెగల్లేదు. కాగితం తీసి అతని చేతిలో పెట్టాను.

అతను చాలాసేపు చూశాడు. నాలుగువేల డాలర్లు తగ్గించమన్నాడు. తగ్గించాను.

తాళంచెవి పుచ్చుకుంటూ, “విప్పిన ఆ పెద్ద టర్బో వుందా?” అని అడిగాడు.

అమ్మేశానన్నాను. అది గరాజులో పాత దుప్పటి కింద వుంది.