ఆస్మాన్ ఖాళీగా లేదు

పెనుమూడి దగ్గర వంతెన లేని రోజుల్లో రేపల్లె నుంచి పులిగడ్డకు పడవలోనే కృష్ణ దాటేవాళ్లం. పక్కనుంచి లాంచీ పోతే అబ్బా నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. లాంచీ ముందుకెళ్లిపోయాకే మా పడవ ఊగేది.

ఆస్మాన్‌లోనూ అంతే. జహాజ్ రెక్కల కొసల నుంచి రెండు సుళ్లు పుట్టి, కంటికి కనబడకుండా మెల్లగా కిందికి జారతాయి. జహాజ్ ఎంత బరువైతే సుడికి అంత తాఖత్. అందుకే ‘హెవీ’ తరగతి జహాజ్ వెనక ‘మీడియం’ది దిగాలంటే మామూలుగా 5 నాటికల్ మైళ్ల ఫాసలా ఉండాలి. అంటే 9 కిలోమీటర్ల పైమాటే.

2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో, ముందెళ్లిన జంబో సుడిలో ఊగిన ఎయిర్‌బస్‌ని నిలబెట్టబోయి కో-పైలట్ రడ్డర్‌ని అతిగా తొక్కాడు. తోక రెక్క ఊడిపోయింది. కిందున్నవాళ్లతో కలిపి 265 మంది చనిపోయారు.

అయితే రోజూ ఒకే ఫాసలా కావాలా? బాపట్ల సూర్యలంకలో వీచేలాంటి గాలి రన్‌వేకి అడ్డంగా గట్టిగా వీస్తే సుళ్లు పక్కకు కొట్టుకుపోతాయి. హవా నిలిచిన సాయంత్రమే ఖతరా, అవి అక్కడే తచ్చాడతాయి. కంప్యూటర్ మోడల్ వేసేది ఈ అందాజే. గాలి, ఉష్ణోగ్రత, జహాజ్ బరువు లెక్కగట్టి సుడి ఎటు పోతుందో, ఎప్పుడు చల్లారుతుందో ముందే చెబుతుంది. 2000లో డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో నాసా దీన్ని చేసి చూపించింది.

తమ్ముడు రియాద్ నుంచి వచ్చే రోజు తెనాలిలో అమ్మీ తస్బీ వదలదు. జహాజ్ చక్కర్లు కొడుతోందంటే, “ఖాళీ ఆస్మాన్‌లో ఇంతెజార్ దేనికి బేటా?” అంటుంది.

ఖాళీగా లేదమ్మీ. రద్దీ వేళ ఆ ఆలస్యంలో కొంత, ముందెళ్లిన జహాజ్ సుడి చల్లారడం కోసమే. లెక్క పక్కాగా తేలేదాకా సబరే హిఫాజత్.