యంత్రంలోని దుబాసీ

దుబాసీ అనే మాట నేడు పాతబడినది గాని, పుదుచ్చేరిలో దానికొక గౌరవం ఇంకా మిగిలి ఉన్నది. 1747లో డూప్లే దొరకు ప్రధాన దుబాసీ అయిన ఆనందరంగపిళ్ల ఇల్లు ఆయన పేరిటి వీధిలోనే నేటికీ నిలిచి ఉన్నది. తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ‘ఆనందరంగరాట్ఛందము’ అని ఆయన పేరనే వెలయించినాడు. హిందీలో ఈ మాట ‘దుభాషియా’, అనగా రెండు భాషల మనిషి. నేనూ ఆ జాతివాడనే గనుక, రెడ్డియార్‌పాళయంలోని మా చిన్న కార్యాలయంలో లేజర్ ప్రింటరు మూగవోయిన నాడు నాకు ఆయనే గుర్తుకు వచ్చినాడు.

ఆనాడు యానాం నుంచి ఒక తల్లి వచ్చి కూర్చుని ఉన్నది. ఉత్తరాదిన ఉద్యోగం చేస్తూ చనిపోయిన కొడుకు కాగితాలు హిందీలో వచ్చినవి. వాటి తెలుగు ప్రతి ఆమెకు కావలెను. మరునాడే తిరుగు ప్రయాణం. అనువాదం ముగిసినది, అచ్చు మాత్రం కాదు. రోడ్డు మీదికి వెళితే జిరాక్సు దుకాణాలకు కొదవ లేదు. కాని ఆ కాగితాలలో ఉన్నది ఆమె కొడుకు మరణ కారణం. దానిని పరుల కంప్యూటరుకు ఎక్కించడానికి నా మనసు ఒప్పలేదు.

సర్వీసు కేంద్రంవారు ఫోనులోనే తీర్పు చెప్పినారు: ఆ మోడలుకు విడిభాగాలు రావు, కొత్తది కొనుక్కోండి. తరువాత వచ్చిన మెకానిక్కు, ముప్పై ఏళ్లు నిండని తమిళ యువకుడు, ఏమీ మాట్లాడకుండా యంత్రం ప్రక్కనున్న సన్నని రంధ్రంలో పేపరు క్లిప్పు మొన దూర్చి నొక్కినాడు. గీతలతో నిండిన కాగితమొకటి మచ్చ లేకుండా బయటికి వచ్చినది.

“డ్రమ్ము, టోనరు, ఫ్యూజరు అన్నీ బాగున్నాయయ్యా. లాజిక్ కార్డు పోయింది.”

యంత్రం లోపల ముఖ్యమైన పలకలు రెండు. ఒకటి మోటారును, లేజరును, వేడిని నడిపిస్తుంది. అది కాళ్లూ చేతులూ. రెండవది ఈ లాజిక్ కార్డు. కంప్యూటరు చెప్పినదానిని చుక్కలుగా మార్చి మొదటిదానికి అందిస్తుంది. అంగుళానికి ఆరువందల చొప్పున లెక్కిస్తే ఒక్క ఎ-4 పుటకు దాదాపు మూడున్నర కోట్ల చుక్కలు! పైగా మా యంత్రంలో పుట్టుకతో తెలుగు లిపి లేదు. మన గుణింతాలు, వత్తులు దానికి వట్టి ఆకారాలు. అర్థం తెలియని దుబాసీ ఇంత తప్పులేకుండా పని చేయడం మా వృత్తివారికి కొంత కంటగింపే.

ఇటువంటి కార్డులలో వేడికి ఉబ్బి, చల్లారి కుంచించుకొని, చిప్పు క్రింది టంకం చిట్లుతుంది. కొందరు కార్డును ఓవెనులో కాల్చి టంకాన్ని మళ్లీ అతికిస్తారని విని ఉన్నాను. ఆ మాట అంటే అతడు నవ్వినాడు. “పదిహేను రోజులు వస్తుందయ్యా. మళ్లీ పడుకుంటుంది.” సంచిలోనుంచి, అదే మోడలు పాత యంత్రంలో తీసిన కార్డు బయట పెట్టినాడు.

ప్లగ్గు పీకి, ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవడానికి లోపలి ఇనుప చట్రాన్ని తాకి, ప్రక్క తలుపు ఊడదీసినాడు. మరలు విప్పడం సులువే. రిబ్బను వంటి పలుచని కేబులు దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టినాడు. అది వంకరగా లాగితే చిరుగుతుంది. కొత్త కార్డుకు మా నెట్‌వర్కు చిరునామా తెలియదు గనుక దానిని మళ్లీ నేర్పవలసి వచ్చినది.

పాత కార్డు తనకిమ్మన్నాడు, విడిభాగాలకు. నేను వెంటనే ఇవ్వలేదు.

“తమ్ముడూ, దీనిలో ఆ కాగితాలేమీ మిగిలి ఉండవు గదా?”

“పెద్ద మిషన్లకు హార్డ్ డిస్కు ఉంటుందయ్యా, దీనికి లేదు. అచ్చుకు వచ్చిన కాగితం కరెంటు తీయగానే పోతుంది.”

ఆనందరంగపిళ్ల 1736 మొదలు 1761లో కన్నుమూసే వరకు దినచర్య వ్రాసినాడు. దొరల గుట్టు ఎంతో అందులో మిగిలినది. చరిత్రకారులకు అది పెన్నిధి. ఆ తల్లి ఎదుట కూర్చున్న నాకు మాత్రం ఏమీ వ్రాసిపెట్టుకోని ఈ దుబాసీ మీదనే గౌరవం కలిగినది. కార్డు ఇచ్చివేసినాను.

పద్నాలుగు పుటలు వచ్చినవి. ఆమె వాటిని చదవలేదు. రెండుమార్లు లెక్కపెట్టుకొని, మడత పడకుండా సంచిలో పెట్టుకొన్నది.