ఆ యాత్రికుడు చూడని నగరం

1902వ సంవత్సరం. న్యూయార్క్ నగరంలో చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజనీరు తన కార్యాలయంలో పని చేసుకుంటున్నాడు. తలుపు తెరచుకొని ఒక ఆగంతకుడు లోపలికి వచ్చాడు. వేషం చూస్తే పరదేశి. వయస్సు మళ్ళినవాడు. నెమ్మదిగా పెరిన్ దగ్గరకు వచ్చి, ముందుకు వంగి, మాటా పలుకూ లేకుండా నిండా ఒక నిమిషం పాటు అతని ముఖంలోకి చూశాడు. ఆ తరువాత, చార్లెస్ పెరిన్ మీరేనా అని అడిగాడు. అవునని తెలిశాక, తాను ఎంతో కాలంగా వెతుకుతున్న మనిషి దొరికాడన్నాడు. హిందూదేశంలో ఒక ఉక్కు కర్మాగారం నిర్మించవలసి ఉన్నది, దానికి ముందు ముడి ఇనుమూ, బొగ్గూ, సున్నపురాయీ ఎక్కడున్నాయో వెతకాలి, ఖర్చంతా నాది, మీరు వస్తారా? ఇదీ ఆ ప్రశ్న.

పెరిన్ నిర్ఘాంతపోయాడు. అయినా, ఆ ముఖంలో కనిపించిన దృఢత్వమూ దయా చూసి వస్తానని అనేశాడు. ఈ సంగతిని తరువాతి కాలంలో పెరిన్ స్వయంగా చెప్పుకొన్నాడు.

ఆ ఆగంతకుడు జంషెట్‌జీ నసర్వాన్‌జీ టాటా. అప్పటికి ఆయన వయస్సు 63 సంవత్సరాలు. ఆ ప్రశ్నకు సమాధానంగా వెలసినదే నేడు జార్ఖండ్ రాష్ట్రంలో, సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమం వద్ద ఉన్న జంషెడ్‌పూర్ నగరం. ఆయన పేరు మీదనే నగరం, ఆయన ఇంటిపేరు మీదనే రైలుస్టేషను. కాని ఆ నగరాన్ని ఆయన ఒక్కనాడైనా చూడలేదు.

ఈనాడు వ్యాపార విజయాల గురించి వేదికలెక్కి ప్రబోధించే వక్తలకు ఈ కథ మహా ప్రీతిపాత్రమైనది. వారు దీనిని అయిదు నిమిషాలలో ముగిస్తారు: ఒక మహనీయుడు కలగన్నాడు, సంకల్పించాడు, సాధించాడు. శ్రోతలు చప్పట్లు కొడతారు. అయితే తేదీలను వరుసగా పేర్చి చూస్తే కథ ఇంత సులభంగా నడవదు. ఇందులో కల కంటే తిరుగుడు ఎక్కువ. ఉపన్యాసం కంటే విచారణ ఎక్కువ. జంషెట్‌జీ దేశాలు పట్టి తిరిగింది ఎవరికో ఏదో చెప్పడానికి కాదు, అడిగి తెలుసుకోవడానికి.

అలా అడగవలసి రావడంలోనే ఒక చేదు ఉన్నది. మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పారసీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. ఐరోపావారు 'వూట్జ్' అని పిలిచిన మాట కూడా దక్షిణదేశపు 'ఉక్కు' నుంచి పుట్టినదేనని పండితుల అభిప్రాయం. అటువంటి దేశపు మనిషి ఉక్కు విద్య కోసం పిట్స్‌బర్గ్ దాకా పోవలసివచ్చింది.

ఈ ప్రయాణానికి మొదలు మాంచెస్టర్‌లో ఉన్నది. 1867 ప్రాంతంలో, పత్తి వ్యాపారపు పనిమీద ఇంగ్లండులో ఉన్న యువ జంషెట్‌జీ అక్కడ థామస్ కార్లైల్ ప్రసంగం విన్నారనీ, ఇనుమును వశపరచుకొన్న జాతికే బంగారమూ దక్కుతుందన్న ఆ వక్త భావం ఆయన మనస్సులో నాటుకొన్నదనీ జీవితచరిత్రకారులు చెబుతారు. ప్రబోధాల మహిమను నమ్మేవారు ఇక్కడ సంతోషించవచ్చు. కాని ఆ మాట విన్న మర్నాడే ఆయన కొలిమి రాజేయలేదు. పదిహేనేళ్ళు గడిచాక, 1882లో, చాందా జిల్లా లోహారా దగ్గర మంచి ఇనుప ఖనిజం ఉన్నదని ఒక జర్మన్ భూగర్భశాస్త్రజ్ఞుడు రాసిన నివేదిక చేతికి వచ్చినప్పుడే ఆ ఆలోచనకు రూపం వచ్చింది. అదీ ముందుకు సాగలేదు. నాటి ప్రభుత్వపు గనుల నిబంధనలు అడ్డుగోడలైనాయి. కర్జన్ వైస్రాయిగా వచ్చాక, 1899లో అవి సడలేవరకు ఆ కాగితాలు అలాగే ఉండిపోయాయి.

ఈ మధ్యకాలంలోనే ఒక విచిత్రమైన సముద్రయానం జరిగింది. 1893 జూలై 14న జపానులోని యొకొహామా రేవు నుంచి 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా' అనే ఓడ కెనడాకు బయలుదేరింది. అందులో జంషెట్‌జీ ఉన్నారు. నూలు రవాణాలో ఆంగ్లేయ నౌకాసంస్థ గుత్తాధిపత్యాన్ని ఛేదించడానికి జపాను ఓడల కంపెనీతో మంతనాలు జరిపి, షికాగో ప్రదర్శనకు పోతున్నారు. అదే ఓడలో ముప్పై ఏళ్ళ సన్యాసి ఒకరు, అదే షికాగోలో జరగబోయే సర్వమత మహాసభకు వెళుతున్నారు. ఆయన స్వామి వివేకానందులు. జూలై 25న ఓడ వాంకూవర్ చేరింది. రెండు నెలలు తిరగకుండానే ఆ సన్యాసి వాక్కు లోకమంతటా మారుమ్రోగింది. ఆ వర్తకుని గురించి అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ పన్నెండు రోజులూ వారేమి మాట్లాడుకొన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. జపాను అగ్గిపెట్టెలు తెచ్చి అమ్మడమెందుకు, ఇక్కడే తయారు చేయించరాదా అని స్వామి అడిగినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. కచ్చితంగా మిగిలినది మాత్రం ఒక ఉత్తరం. 1898 నవంబరు 23న జంషెట్‌జీ వివేకానందులకు రాస్తూ, జపాను నుంచి తనతో కలిసి ప్రయాణించిన సంగతి గుర్తుచేసి, తాను తలపెట్టిన విజ్ఞాన పరిశోధన సంస్థకు చేయూత కోరారు. బెంగుళూరులో ఆ సంస్థ 1909లో ఏర్పడింది. అప్పటికి ఇద్దరూ లేరు.

తిరిగి 1902కు వద్దాం. ఆ ఏడు అమెరికాలో ఆయన తిరిగిన తీరు ఏ విహారయాత్రికుడికీ నచ్చదు. నయాగరా జలపాతాన్ని చూడవలసిన వయస్సులో అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌కు పోయి, బొగ్గును కోక్‌గా మార్చే విధానాన్ని చూశారు. క్లీవ్‌లాండుకు వెళ్ళారు. పిట్స్‌బర్గ్‌లో జూలియన్ కెనెడీ అనే ఉక్కు నిపుణుని కలిశారు. కెనెడీ ఆశ చూపించలేదు. శాస్త్రీయమైన పరిశీలన లేకుండా కర్మాగారం మాట ఎత్తరాదనీ, పరిశీలనకే అపారమైన ధనం ఖర్చవుతుందనీ, చివరకు ఫలితం లేకపోవచ్చుననీ హెచ్చరించాడు. వెనుదిరగడానికి ఇంతకంటే మర్యాదైన అవకాశం దొరకదు. జంషెట్‌జీ మాత్రం ఆ పరిశీలన చేయగలవారెవరని అడిగారు. పెరిన్ పేరు చెప్పినది కెనెడీయే.

ఆ సంవత్సరంలోనే కుమారుడు దోరాబ్జీకి ఆయన ఒక ఉత్తరం రాశారు. ఉక్కు దొరికే చోటు తెలియదు, నీరు దొరికే చోటు తెలియదు. అయినా ఆ చోట వెలిసే ఊరి గురించి ఆయనకు తెలుసు. వీధులు విశాలంగా ఉండాలి. నీడనిచ్చే చెట్లు నాటాలి, వాటిలో సగం త్వరగా పెరిగే జాతివి కావాలి. పచ్చిక బయళ్ళకూ తోటలకూ, బంతాటలకూ జాగా వదలాలి. హిందువుల గుడికీ, ముస్లిముల మసీదుకూ, క్రైస్తవుల చర్చికీ చోటుంచాలి. పొగలో మునిగిన పారిశ్రామిక నగరాలను కళ్ళారా చూసిన మనిషి మాటలివి. విదేశాలలో ఏమి నేర్చుకోవాలో చూసిన కన్నే, ఏమి నేర్చుకోకూడదో కూడా చూసింది.

పెరిన్ తన భాగస్వామి, భూగర్భశాస్త్రజ్ఞుడైన వెల్డ్‌ను 1904లో ముందుగా పంపాడు. వెల్డ్ లోహారా చేరి పరిశీలించి తల అడ్డంగా ఊపాడు. ఖనిజం చాలదు. ఇరవై రెండేళ్ళ ఆశ ఆ విధంగా ముగిసింది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియజేయడానికి దోరాబ్జీ నాగపూరు వెళ్ళారు. చూడవలసిన అధికారి లేడు. ఊసుపోక ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి నడిచారు. గోడమీద రంగులు వేసిన భూగర్భ పటం ఒకటి ఉన్నది. అందులో దుర్గ్ జిల్లా దగ్గర ఇనుము ఉన్నట్లు గుర్తు! అలా దొరికినవే దల్లీ రాజహరా కొండలు. అక్కడ ఖనిజం పుష్కలంగా ఉన్నది కాని, తగినంత నీరూ అందుబాటులో బొగ్గూ లేవు. యాభై ఏళ్ళు దాటాక ఆ కొండలే భిలాయ్ కర్మాగారానికి ఆధారమైనాయి. ఒకరి వైఫల్యం మరొకరికి గని కావడం అంటే ఇదే.

దారి చూపినది చివరకు ఒక భారతీయుని లేఖ. భూగర్భ సర్వే శాఖలో పనిచేసి, తరువాత మయూర్‌భంజ్ సంస్థానం కొలువులో చేరిన ప్రమథనాథ బోస్, అక్కడి గోరుమహిసానీ కొండలో మేలైన ఖనిజం ఉన్నదని 1904 ఫిబ్రవరి 24న జంషెట్‌జీకి రాశారు. జంషెట్‌జీకి ఎక్కువ కాలం మిగలలేదు. ఆ మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో ఆయన కన్నుమూశారు. సమాధి ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఉన్నది. ఆయన చివరి యాత్ర కూడా పరదేశానికే.

ఆ తరువాత మూడేళ్ళ గాలింపు. 1907 చివర వెల్డ్, శ్రీనివాసరావు మొదలైనవారు అడవులు దాటుకుంటూ వచ్చి సంగమం దగ్గర సాక్చీ అనే చిన్న గ్రామాన్ని చూశారు. రెండు నదుల నీరు, పక్కనే కాళీమాటీ రైలుస్టేషను. వెతుకులాట అక్కడ ఆగింది.

డబ్బు విషయంలోనూ విదేశం చేయి ఇవ్వలేదు. లండను మదుపుదారులు నమ్మలేదు. 1907లో బొంబాయిలో వాటాలు అమ్మకానికి పెట్టగా, స్వదేశీ ఉద్యమపు వేడిలో మూడు వారాలలోనే దాదాపు 8,000 మంది భారతీయులు 16 లక్షల 30 వేల పౌండ్లు సమకూర్చారు. రైల్వే ఉన్నతాధికారి ఫ్రెడరిక్ అప్‌కాట్, టాటాలు ప్రమాణాలకు తగిన పట్టాలు చేస్తే వాటిని ప్రతి పౌనూ తింటానని వేళాకోళం చేశాడు. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1,500 మైళ్ళ పట్టాలు మెసపొటేమియాకు వెళ్ళాయి. ఆయన మాట నిలబెట్టుకొని ఉంటే కొద్దిగా అజీర్తి చేసేదని దోరాబ్జీ చమత్కరించారట. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటీ టాటానగర్ అయింది.

ఉత్తరంలో రాసిన ఊరు నిజంగా వెలసిందా? చాలా వరకు వెలసింది. బిష్టుపూర్ వీధులలో, కదమా కాలనీలలో చెట్ల నీడన నడిచేవారికి ఇది కర్మాగారపు ఊరన్న సంగతి కాసేపు స్ఫురించదు. 1912లోనే ఇక్కడ ఎనిమిది గంటల పనిదినం అమలైంది. దేశంలో వయోజన కార్మికులకు అది చట్టమైనది 1948లో. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు, ఉత్తరాన దల్మా కొండలు, అన్నిటికీ ఆ లేఖలో బీజం వెతకవచ్చు. గుడికి చోటుంచమన్న మాట తెలుగువారికి బాగా కలిసివచ్చింది. బెంగాల్ నాగపూర్ రైలుమార్గం పట్టుకొని శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఖరగ్‌పూరుకూ, ఇక్కడికీ పనికి వచ్చిన మనవారు బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామమందిరాన్ని నిలుపుకొన్నారు. శ్రీరామనవమి నాడు అక్కడ నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది.

లేఖలో లేనిదీ ఒకటి వెలసింది. ఇక్కడి భూమి నిర్జనారణ్యం కాదు. సంథాలులు, హోలు, భూమిజులు సాగుచేసుకొన్న పల్లెలవి. 1894 నాటి భూసేకరణ చట్టం కింద అవి కర్మాగారానికి వచ్చాయి. కాలనీలలో ఇళ్ళు దొరకని కూలీలు హద్దుల వెంట వేసుకొన్న గుడిసెలు పెరిగి బస్తీలైనాయి. '86 బస్తీలు' అనే మాట ఇక్కడ ఒక సంఖ్య కాదు, తరాల తరబడి సాగుతున్న ఇంటిపట్టా పోరాటం పేరు. 1920లోనూ, 1928లోనూ జరిగిన సమ్మెలు, కార్మికసంఘానికి సుభాష్ చంద్రబోసు నాయకత్వం, ఇవన్నీ ఈ నగర చరిత్రలో భాగాలే. వేదికల మీది అయిదు నిమిషాల కథలో వీటికి చోటు దొరకదు.

మార్చి 3 జంషెట్‌జీ పుట్టినరోజు. ఆ రోజులలో జూబిలీ పార్కు దీపాలతో వెలిగిపోతుంది. కాలనీల నుంచి, బస్తీల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తండోపతండాలుగా వస్తారు. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకొని తండ్రులు దీపాలు చూపిస్తారు. తిరుగు దారిలో ఆటోలవాళ్ళు జంషెడ్‌పూర్ అని కేకవేయరు. వంద సంవత్సరాల క్రితం వైస్రాయి మార్చిపోయిన పేరే వారి నోట ఇంకా ఉన్నది. సాక్చీ, సాక్చీ అని పిలుస్తారు.