27 పాసు, 31 ఫెయిలు

ఆటగాడికి చదువు ఉండాలా వద్దా అన్న వాదన మా ఖరగ్‌పూర్‌లో కొత్తది కాదు. రైల్వే ఊరు కదా! శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరినవాళ్ళ మనవలం మేము. సెర్సా స్టేడియంలో బంతి తన్నే ప్రతి కుర్రాడి కన్నూ రైల్వే స్పోర్ట్స్ కోటా మీదే. 2001 నుంచి 2003 దాకా ధోనీ ఇక్కడ టికెట్లు తనిఖీ చేసింది ఆ కోటా ఉద్యోగంలోనే. (ఈ ముక్క మా ఊరివాళ్ళు మీరు అడక్కపోయినా చెబుతారు.)

ఆ కోటాలో అన్నిటికన్నా చిన్న ఉద్యోగానికి, అంటే లెవెల్ 1కి, కావలసిన చదువు పదో తరగతి పాసు, లేదా ఐటీఐ. ఇది అన్యాయమని నేను అనను. మోకాలు దెబ్బతింటే ఆట ఒక్కరోజులో పోతుంది, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆఫీసులోనో షెడ్డులోనో పని చెయ్యాలి. నా పేచీ అల్లా ఆ ‘పాసు’ అనే మాటతోనే.

2023లో మా మేనల్లుడికి బెంగాల్ మాధ్యమిక్ పరీక్ష లెక్కల్లో 27 వచ్చాయి. అదే ఏడు పలాసలో మా పెదనాన్నగారి మనవడికి ఆంధ్ర పదో తరగతి లెక్కల్లో 31. ఒకడిది ఫుట్‌బాల్, ఇంకొకడిది కబడ్డీ. 27 వచ్చినవాడు పాసు, 31 వచ్చినవాడు ఫెయిలు! ఎందుకంటే బెంగాల్‌లో పాసు మార్కు 25, ఆంధ్రలో 35. పేపర్లు వేరు కాబట్టి ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఎవడు తెలివైనవాడో తేల్చకూడదు, నిజమే. కానీ రైల్వే చేసేది అంతకన్నా విచిత్రం. రెండు వేరు వేరు కొలబద్దల మీద గీసిన రెండు గీతల్నీ ఒకటే అనుకుని, ఒకణ్ణి లోపలికి రానిచ్చి ఇంకొకణ్ణి గేటు బయట నిలబెడుతుంది.

మా చెల్లెలు “అంతా మాతమ్మ దయ అన్నయ్యా” అంది. మా వీధిలో హాల్‌టికెట్లు మాతా పూజలో అమ్మవారి ముందు పెట్టడం మామూలే. పలాసలోనూ పెట్టే ఉంటారు. అమ్మవారి దయ కూడా రాష్ట్రాన్ని బట్టి పది మార్కులు మారుతుందా అని అడిగాను. పాయసం పెట్టలేదు.

సరే, మేనల్లుడి మార్కుల పత్రం తీసుకుని చూశాను. మాధ్యమిక్‌లో రాత పరీక్షకు 90, బడిలో టీచరు వేసేవి 10. వీడికి రాతలో 18, బడిలో 9. పాసు కావడానికి 25 చాలు గనక, టీచరు చేతిలోని ఆ పది అసలు గీతలో నలభై శాతం అన్నమాట! పక్కింటి అమ్మాయిది అదే బడి, అదే తరగతి. రాతలో ఆమెకూ 18 వచ్చాయి. బడి మార్కులు 5. మొత్తం 23, ఫెయిలు. ఆ అమ్మాయి ఏ ఆటా ఆడదు. ఆటగాళ్ళకు కనీస మార్కుల నిబంధన ఉంటే బలయ్యేది ఆటగాడే అని మనం అనుకుంటాం. ఆ నిబంధన కోసం ఆటగాడి మార్కులు పెంచితే, పెంచని వాళ్ళ మాటేమిటి?

ఇది మా ఊరికే పరిమితం కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 1984లో, ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తక్కువ వస్తే ఆరు వారాలు ఆట బంద్ అని చట్టం చేసింది. 1995లో దాన్ని మూడు వారాలకు తగ్గించారు. ఆ 70 ఎంత గట్టి అంకె? 1912, 1913లలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే జవాబు పత్రాన్ని వందమందికి పైగా టీచర్లకు పంపారు. ఒక ఇంగ్లీషు పేపరుకు 64 నుంచి 98 దాకా వేశారు. ‘లెక్కల్లో అలా కుదరదు కదా’ అంటారేమో, జామెట్రీ పేపరుకు 30 లోపు వేసినవాళ్ళూ, 90 దాటించినవాళ్ళూ ఉన్నారు!

న్యూయార్క్ రీజెంట్స్ పరీక్షల్లో పాసు గీత 65. ఎవరి బడి పేపర్లు ఆ బడి టీచర్లే దిద్దే రోజుల్లో మార్కుల పట్టీ గీసి చూస్తే, 65కి కాస్త కింద పెద్ద గొయ్యి, 65 దగ్గర కొండ. గీతకు దగ్గర్లో పడిన విద్యార్థుల్లో దాదాపు 40 శాతం మందిని పైకి నెట్టారని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. 2011 తర్వాత మళ్ళీ దిద్దడం ఆపి, పేపర్లు బయటివాళ్ళకు ఇవ్వగానే కొండ మాయమైంది. ఏ పూజా అక్కర్లేకపోయింది.

తమాషా ఏమిటంటే, రైల్వే దగ్గరే ఇంతకన్నా మంచి పద్ధతి ఉంది. స్పోర్ట్స్ కోటా ఎంపికలో 100కి 50 ఆట విజయాలకు, 40 ట్రయల్స్‌కు, 10 చదువుకు. చదువును ఇలా తూకంలో వేస్తే ఒకటి రెండు మార్కుల తేడాకు ఒకటి రెండు మార్కుల విలువే ఉంటుంది. గేటు దగ్గర మాత్రం ఒక్క మార్కుకు జీవితమంత విలువ. గేటు ఉండాల్సిందే అంటే, గీతకు ఐదు మార్కులు అటూ ఇటూ ఉన్న పేపర్లను పేరు తెలియని ఇంకొకరితో దిద్దించాలి. దానికి అయ్యే ఖర్చు కొన్ని వేల పేపర్ల కూలి.

పలాస కుర్రాడు సప్లిమెంటరీ రాశాడు. 35 వచ్చాయి. సరిగ్గా 35. ఇంట్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ పేపరు దిద్దినాయన మొదటిసారి కూడినప్పుడు ఎంత వచ్చిందో అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.