ఆరు వారాల తర్వాత

షెరిల్ స్వూప్స్ అని అమెరికాలో ఒక బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి. మనలో చాలామందికి ఆ పేరు తెలియకపోవచ్చు. ఆమె గురించి ఎవరు చెప్పినా ఒక్క మాట మాత్రం తప్పకుండా చెప్తారు: కాన్పయిన ఆరు వారాలకే మళ్లీ ఆటలోకి దిగింది అని. ఆ మాట అబద్ధం కాదు. కానీ దాన్ని వాడే తీరుతోనే నాకు పేచీ.

ఆమెది టెక్సస్‌లో బ్రౌన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు. తల్లి ఒంటరిగానే పిల్లల్ని పెంచుకొచ్చింది. షెరిల్ అన్నలతో పోటీపడి ఆట నేర్చుకుంది. ఆస్టిన్‌లో పెద్ద యూనివర్సిటీలో చేరింది గానీ, ఇంటి మీద బెంగ పెట్టుకుని కొద్దిరోజులకే వచ్చేసింది. మన దగ్గరైతే "బంగారంలాంటి అవకాశం కాలదన్నుకుంది" అనేవాళ్లం. ఆమె ఇంటికి దగ్గర్లోని చిన్న కాలేజీలో చదివి, తర్వాత టెక్సస్ టెక్ యూనివర్సిటీకి వెళ్లింది. 1993 జాతీయ కాలేజీ ఫైనల్లో ఆ జట్టు 84-82తో గెలిచింది. అందులో 47 పాయింట్లు ఈమె ఒక్కతే చేసింది!

అంత ఆడినా, అప్పటికి అమెరికాలో ఆడవాళ్లకి నిలకడైన లీగ్ లేదు. ఇటలీ వెళ్లి కొన్ని మ్యాచ్‌లాడి తిరిగొచ్చింది. 1995లో నైకీ కంపెనీ 'ఎయిర్ స్వూప్స్' అని ఆమె పేరు మీద బూట్లు తెచ్చింది. ఒక బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి పేరుతో బూట్లు రావడం అదే మొదటిసారి. మరుసటి ఏడు అట్లాంటా ఒలింపిక్స్‌లో స్వర్ణం.

1997లో ఆటలు మొదలుపెట్టిన డబ్ల్యూఎన్‌బీఏ అనే ఆడవాళ్ల లీగ్, మొట్టమొదట సంతకం చేయించుకున్నది ఆమె చేతే. తీరా లీగ్ మొదలయ్యేసరికి ఆమె నిండు చూలాలు. జూన్ 21న మొదటి మ్యాచ్‌లు, 25న కొడుకు పుట్టాడు. మైకేల్ జోర్డన్ పేరే పెట్టుకుంది. ఆగస్టు మొదట్లో హ్యూస్టన్ కామెట్స్ తరఫున దిగింది. ఆ నెలాఖరుకి కప్పు ఆ జట్టుదే.

సరిగ్గా ఇక్కడే కథ ఆపేస్తారు. ఆపేసి, ఆ ఆరు వారాల్ని కొలబద్దలా పట్టుకుని మిగతా ఆడవాళ్లందరినీ కొలుస్తారు. మా ఆడపడుచు కూతురికి ఈమధ్యే పాప పుట్టింది. ఉయ్యాలలో వేసిన రోజు వచ్చినావిడ ఒకరు, అది ఇంకా సెలవులో ఉందని తెలిసి, "ఈ కాలంలో నెల తిరక్కుండానే పనులకి పోతున్నారమ్మా" అన్నారు. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు. పాప జుబ్బా సర్దుతూ తల వంచుకుంది. కుట్లు నొప్పని రాత్రుళ్లు ఎంత అవస్థపడుతోందో దగ్గరుండి చూసినవాళ్లం, మాకు ప్రాణం ఉసూరుమంది. మన దేశంలో 1961 నాటి ప్రసూతి చట్టమే కాన్పు తర్వాత ఆరు వారాలు ఆడమనిషి చేత పని చేయించకూడదని చెప్పింది. అంటే, షెరిల్ తిరిగొచ్చిన ఆ గడువు మన చట్టం ప్రకారం కనీస విశ్రాంతి!

నన్ను అడిగితే ఆమె గొప్పతనం ఆరు వారాల్లో లేదు, ఆ తర్వాతి ఏళ్లలో ఉంది. కామెట్స్ 1997 నుంచి 2000 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచింది. 2001లో మోకాలు దెబ్బతిని షెరిల్ ఆ ఏడంతా కూర్చోవాల్సి వచ్చింది. మరుసటి ఏడే లీగ్‌లో అత్యుత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఆ గౌరవం ఆమెకు 2000, 2002, 2005ల్లో మూడుసార్లు దక్కింది. అప్పటికి కొడుక్కి మూడేళ్లు, ఐదేళ్లు, ఎనిమిదేళ్లు. సిడ్నీ, ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మరో రెండు స్వర్ణాలు. నలభయ్యో ఏట, 2011లో కూడా ఆడింది. పాలు మాన్పించడం, జ్వరాలు, బడి, హోంవర్కులు... పిల్లాడు ఎదిగే ఏళ్లన్నీ ఆమె ఆటలోనే ఉంది. ఒక తల్లి పనిలో నిలబడటమంటే అదీ.

అలా నిలబడటానికి మనిషికి పట్టుదల ఒక్కటే చాలదు. ఆ లీగ్‌లోనే 2020 ఒప్పందం వచ్చాక ప్రసూతి సెలవులో పూర్తి జీతం, పిల్లల సంరక్షణకి ఏడాదికి 5,000 డాలర్లు, పిల్లలున్నవాళ్లకి రెండు పడకగదుల ఇల్లు రాసిచ్చారు. లీగ్‌లో ఆట మొదలైన 23 ఏళ్లకి! వెనక ఆడేవాళ్లకి ఆ వెసులుబాటు దక్కిందంటే, ముందు షెరిల్‌లాంటి తల్లులు ఆడి చూపించబట్టే కదా.

అందుకే, బాలింత ముందు ఎవరైనా "ఫలానా ఆవిడ ఆరు వారాలకే..." అని మొదలుపెడితే, మిగతా కథ మనం చెప్దాం. ఇంకా ఓపికుంటే, "అమ్మా, పాపని కాసేపు నేనెత్తుకుంటా, నువ్వు పడుకో" అందాం.