అడగని దాహం

మెదక్ జిల్లా నిజాంపేట నుంచి అమ్మగారిని వెంటబెట్టుకొని మేము ఉమ్రాకు బయలుదేరాము. శంషాబాద్ నుంచి జిద్దాకు ఐదు గంటలకు పైగా విమాన ప్రయాణం. యువకులు ఎదుటి తెరలపై దృష్టి నిలిపారు. పిల్లలు కిటికీ సీట్ల కోసం పోటీపడ్డారు. మావంటి పురుషులు రెండోసారి టీ అడిగి తెప్పించుకున్నారు. అమ్మ మాత్రం మంచినీళ్లు కూడా వద్దన్నారు. మీఖాత్ ప్రకటన వినగానే సంకల్పం చేసుకొని, తల్బియాలో లీనమయ్యాము.

జిద్దాలో దిగాక ఆమె పెదవులు ఎండిపోయి కనిపించాయి. "నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి. అంతమంది మగవాళ్లను దాటుకొని ఎలా వెళ్లను బేటా?" అన్నారు.

తల్లిదండ్రులను 'ఉఫ్' అని కూడా అనరాదని మద్రసాలో ఏళ్లుగా బోధిస్తున్నాము. అమ్మ మౌనాన్ని మాత్రం చదవలేకపోయాము. సోదరులారా! వృద్ధ స్త్రీలకు నడవ పక్క సీటు అడిగి తీసుకోండి. వారు నోరు తెరవకముందే తోడుగా లేవండి.