ఉద్దానపు సీమలో ఇంగ్లీషువారి పండుగలు



శ్రీకాకుళము జిల్లాలో పలాస మొదలుకొని సముద్రతీరము వెంబడి వ్యాపించియున్న పచ్చని సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే జనుల నోళ్లలో నలిగి ఉద్దానమైనదని పెద్దలందురు. హౌరా నుండి చెన్నపట్టణము పోవు రైలుమార్గమున పలాస స్టేషనులో దిగి కాశీబుగ్గ వైపు నడచినచో జీడిపిక్కల కమ్మని వాసన మన కెదురుగా వచ్చును. కార్ఖానాలలో స్త్రీలు వరుసగా కూర్చుండి పప్పునుండి పొట్టు తీయుచుందురు. అచ్చటినుండి తూర్పునకు వజ్రపుకొత్తూరు దారి పట్టినచో జీడితోటలు, పనసలు, వానిని మించి కొబ్బరితోటలు. వాని కావల సముద్రము. ఉత్తరమున సోంపేట వైపు పోయినచో ఆంగ్లప్రభుత్వకాలమున ఓడలాగిన బారువ రేవును, అందలి దీపస్తంభమును చూడవచ్చును. ఆ ఓడలు పోయినవి. ఆ ఓడలవారి భాష మాత్రము మన పిల్లల పుస్తకములలో నిలిచియున్నది.

మావారు ఉపాధ్యాయులగుటచే సాయంకాలములందు పిల్లలు మా అరుగుపై చేరి ఇంగ్లీషు పాఠములు వల్లెవేయుదురు. ఆ పాఠములలో ఇంగ్లాండు దేశపు పండుగలును గలవు. ‘ప్యాన్‌కేకు దినము’ అని ఒక బాలిక తప్పులేక చదివినది. అది యేమి పండుగయమ్మా యని యడిగితిని. “పరీక్షలో వచ్చునండీ” అని బదులు చెప్పినది! మంచును ఎన్నడును చూడని పిల్లలు మంచును గూర్చి పది వాక్యములు అప్పగింతురు. మాట వచ్చినది గాని మాటలోని వస్తువు రాలేదు. వస్తువు రాని మాట ఎంతకాలము నిలుచును?

సుందరకాండమున హనుమంతుడు అశోకవనములో సీతమ్మను చూచి వెంటనే పలుకరింపలేదు. ఏ భాషలో పలికినచో ఆ తల్లి భయపడక గ్రహించునని ముందుగా ఆలోచించినాడు. బోధించువారికి ఇంతకన్న గొప్ప పాఠము లేదు. మన సీమకు దాపుననే యున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరపిల్లలకు చదువు చెప్పదలచి, ముందు తామే సవరభాష నేర్చుకొనిరి. ఎరిగినదానినుండి ఎరుగనిదానికి పోవుటయే మార్గము. మన పిల్లలు పండుగలనుగూర్చి ఎరిగినది యెవరివలన? తల్లులవలననే గదా!

కనుక ఆ బాలికను అట్లతద్దినిగూర్చి చెప్పుమంటిని. పగలెల్ల ఉపవాసము, ఉయ్యాలలు, చంద్రోదయమైనపిదప అట్ల నైవేద్యము అని గుక్కతిప్పుకొనక చెప్పినది. ఇంగ్లాండులోని అట్లపండుగ అట్టిదే, కాని వరుస వేరు. ఈస్టరునకు ముందు క్రైస్తవులకు నలువది దినముల నియమకాలము కలదు. పూర్వము ఆ దినములలో గ్రుడ్లు, పాలు, నెయ్యి ముట్టువారు కారు. అందుచే నియమమునకు ముందటి మంగళవారమునాడు ఇంటనున్న ఆ వస్తువులను వ్యర్థము చేయక అట్లు పోసికొని తినెడివారు. మనము ఉపవాసముండి అట్లు తిందుము; వారు అట్లు తిని ఉపవాసమునకు దిగుదురు. ఆల్నీ యను ఊరిలో ఒక యిల్లాలు అట్లు వేయుచుండగా గుడి గంట మ్రోగెననియు, ఆమె పెనము చేతబట్టుకొనియే పరుగెత్తెననియు, అది 1445వ సంవత్సరపు మాటయనియు చెప్పుకొందురు. నేటికిని అచ్చటి స్త్రీలు పెనము పట్టి, అట్టు నెగురవేయుచు, 415 గజములు పందెము పరుగెత్తుదురు. ఇది విని అరుగుమీది పిల్లలు పకపక నవ్విరి. ఆ మాటను వారిక మరువరు.

సంక్రాంతి దినములలో మరియొక పోలిక దొరకును. ఇంగ్లాండు పశ్చిమభాగమున ఆపిలుతోటలు గల పల్లెలలో కొందరు జనవరి 17వ తేదీ రాత్రి తోటకు పోయి, చెట్టు మొదట ఆపిలు మద్యము పోసి, కొమ్మలకు అందు తడిపిన రొట్టెముక్కలు తగిలించి, మంచి కాపు కాయుమని పాడుదురు. ఇది పూర్వము జనవరి మొదటివారపు ఆచారము. 1752లో వారు పంచాంగము సవరించి పదునొకండు దినములు విడిచిరి. పల్లెవారు పాతలెక్కనే పట్టుకొనిరి. కార్తికమున ఉసిరిచెట్టునకు పసుపుకుంకుమ పెట్టు మనకు ఇది వింతగా తోచునా? 2018వ సంవత్సరము అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఈ సీమలో కొబ్బరి, జీడిచెట్లు లెక్కలేక కూలినవి. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. చెట్టు కూలిన ఇంటి పిల్లవానికి, చెట్టును చల్లగా నుండుమని వేడుకొనుట యేమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే పోలిక చూపుటలో ఒక జాగ్రత్త వలయును. ఇంగ్లాండులో నవంబరు 5వ తేదీ రాత్రి పెద్ద మంటలు వేయుదురని వినగానే పిల్లలు “భోగిమంట!” అందురు. అది భోగి కాదు. 1605లో గై ఫాక్సు మొదలగు కొందరు కాథలిక్కులు రాజును, పార్లమెంటును తుపాకిమందుతో పేల్చివేయ దలచి పట్టుబడిరి. రాజు బ్రతికెనను సంతోషమున పుట్టిన మంట అది. తరువాత చిరకాలము కాథలిక్కులపై ద్వేషమునకును అదియే ఆటపట్టయ్యెను. నేడు చాలవరకు బాణసంచా వేడుకగా మిగిలినది. మంట ఒకటియైనంతమాత్రమున మనసు ఒకటి కాదని పిల్లలు తెలియవలెను.

టెక్కలి పోయినపుడు రావివలస ఎండల మల్లికార్జునస్వామిని దర్శించితిమి. కప్పు లేక ఎండలోనే నిలిచిన మహాలింగమది. తిరిగివచ్చుచు పిల్లలతో క్రిస్మసు మాట వచ్చినది. అది దొరల పండుగ యని ఒకడనెను. కాదు నాయనా, మన తెలుగు క్రైస్తవులది కూడ. వారు తెలుగులోనే పాడి ప్రార్థింతురు. ఇంగ్లాండువారి ప్రత్యేకత ఆచారములలో నున్నది. పండుగకు కొన్ని వారములముందే ఒక ఆదివారమున పుడ్డింగు పిండి కలుపుచు, ఇంటిలోని వారందరును తలకొకసారి గరిటె త్రిప్పి మనసులో కోరిక కోరుకొందురు. అరిసెల పాకమునొద్ద మన యింట ఆడువారందరు చేరునట్లే! వారి క్రిస్మసుచెట్టు జర్మనీ నుండి వచ్చినది. మన జీడిచెట్టు బ్రెజిలు నుండి పోర్చుగీసువారు తెచ్చినది. పరదేశపుది మనదగుటకు ప్రేమయు కాలమును చాలును.

కడపట ఒక్క పండుగ. ఈస్టరునకు మూడు వారములముందు ఆదివారమును మాతృసందర్శనపు ఆదివారమందురు. పూర్వము గొప్పవారి యిండ్లలో పనికి కుదిరిన చిన్నపిల్లలకు ఆనాడు సెలవు దొరికెడిది. వారు త్రోవలో పూలు కోసికొని తల్లిని చూడబోయెడివారు. దీనిని చెప్పుటకు నాకు నిఘంటువు అక్కరలేకపోయినది. సంక్రాంతికి ముందు పలాస స్టేషనుకు పోయి చూడుడు. హైదరాబాదు, చెన్నపట్టణము, ముంబయి మొదలగు చోట్లకు కూలికి పోయిన ఉద్దానపు బిడ్డలు మూటలతో దిగుచుందురు. తల్లులు పెట్టె పెట్టెకు పరుగిడి వెదకుచుందురు. నేను ఈ కథ చెప్పినపుడు, తండ్రి వలసలో నున్న ఒక చిన్నవాడు, “ఆ పిల్లలకు రైలుచార్జీ యెవరిచ్చిరి?” అని యడిగెను. నడిచిపోయిరని చెప్పితిని. వాడు చాలసేపు మాటలాడలేదు. ఏ ఉపాధ్యాయుడును ఇంతకన్న బాగుగా ఆ పాఠము బోధింపలేడని నాకు తోచినది.

అక్కచెల్లెండ్రారా! నాకు ఇంగ్లీషు రాదు, నేను పిల్లల కేమి చెప్పగలనని వెనుదీయకుడు. అట్లతద్ది యేల చేయుదుమో, భోగినాడు మంట యేల వేయుదుమో, కనుమనాడు పశువుల నేల అలంకరింతుమో పిల్లలకు వివరముగా చెప్పుడు. తన యింటి పండుగ అర్థమైన బిడ్డకు ఏ దేశపు పండుగయు చిక్కుముడి కాదు. తన పండుగ తక్కువదను సిగ్గును ఉండదు. ఇంగ్లీషు మాటను బడి నేర్పును. ఆ మాటకు ప్రాణము పోయవలసినది మన వంటయింటి గడపయే.